ఇప్పకోన జట్టులో ‘మనం’ అంటే ఎవరు?

ఇప్పచెట్లు ఎక్కువగా ఉండడం వల్ల ఆ అడవికి ఇప్పకోన అని పేరు వచ్చింది. అందులో నీలగాయి అనే మనుబోతు, చిరుత, ఎలుగుబంటి, అడవిపంది, దుప్పి, కొండముచ్చు, ఉడుము, ముళ్ళపంది, ఇంకా చిన్నాచితకా జీవులెన్నో ఉండేవి. అడవి నడుమ గరికబయలు అనే పచ్చని మైదానం ఉండేది. ఏడాది పొడుగునా పిల్లజీవులు అక్కడ దొర్లి ఆడుకునేవి. చలికాలం వచ్చిందంటే పెద్దవి అక్కడ ఫుట్‌బాల్ ఆడేవి.

నవ్వకండి. వాటికి నాలుగు కాళ్ళు. మనకంటే రెండు ఎక్కువే.

బంతిని గిజిగాడు అల్లేది. లోపల బూరుగుదూది కూరి, పైన గడ్డిపోచలు బిగించి, గూడు అల్లినంత శ్రద్ధగా అల్లేది. చుట్టుపక్కల నాలుగు అడవులకు నాలుగు జట్లు ఉండేవి. చలి మొదలైనప్పటి నుంచి ఇప్పపూలు రాలే దాకా పోటీలు జరిగేవి. ఆటగాళ్ళ మీద ఎవరూ పంజా ఎత్తకూడదని నాలుగు అడవుల కట్టుబాటు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వరసగా మూడేళ్ళు అడుగున నిలిచిన జట్టు తన మైదానాన్ని గెలిచిన జట్టుకు వదిలేయాలి.

ఇప్పకోన జట్టు అప్పటికే రెండేళ్ళు అడుగున నిలిచింది. ఇంకొక్క ఏడు అడుగున నిలిస్తే గరికబయలు పోతుంది. పిల్లలకు ఆడుకోవడానికి ముళ్ళపొదలు, రాళ్ళగుట్టలు తప్ప ఏమీ మిగలవు. జట్టు పెద్ద మనుబోతుకు ఆ బెంగతో మేత సయించడం లేదు.

జట్టుకు అప్పటి దాకా గుంటనక్క కోచ్‌గా ఉండేది. ఓడిన ప్రతిసారీ అది ఏదో ఒకటి చెప్పేది. ఒకరోజు గాలి ఎదురు వీచింది. ఇంకోరోజు ఎండ కళ్ళలో పడింది. మరోరోజు గిజిగాడు బంతిని గుండ్రంగా అల్లలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉండేది దాని వరస. పోటీలు ముగిసిన వారానికే నల్లగుట్ట జట్టు పిలిచిందని మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది.

వేసవి మొదలైంది. మనుబోతు అందరినీ గరికబయలుకు పిలిచింది.

“కోచ్ లేదు. జట్టులో ఎవరు ఉండాలో, ఎవరు తప్పుకోవాలో తేలలేదు. ఏం చేద్దామో చెప్పండి” అంది.

“పొరుగు అడవి నుంచి ఏనుగును తెద్దాం. గోలు ముందర నిలబెడితే బంతి దూరడానికి సందే ఉండదు” అంది కొండముచ్చు.

“ఏనుగు వస్తే అడవిలో మేత కూడా ఉండదు” అంది అడవిపంది.

“ముందు ఆ ముళ్ళపందిని తీసేయండి. అది తగిలితే చాలు, బంతి చీలి దూది బయటపడుతోంది. అల్లలేక చస్తున్నాను” అంది గిజిగాడు. ముళ్ళపంది సిగ్గుపడి ఇంకో అడుగు వెనక్కి జరిగింది.

మనుబోతు అంతా విని గొంతు సవరించుకుంది.

“పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నేనూ పొరుగుకే పోతాను. కానీ ఏనుగు కోసం కాదు. రేచుకుక్కను తీసుకొస్తాను.”

ఆ మాటకు అందరూ నోరు తెరిచారు. రేచుకుక్కలంటే అడవిలో గుంపుగా వేటాడే ఎర్రకుక్కలు. దుప్పి గబుక్కున ఎలుగుబంటి చాటుకు దూరింది.

“అన్నా, అవి దుప్పుల్ని తినే జాతి కదా!”

“మనుబోతుల్ని కూడా తింటాయి” అని తన వెనక కాలి మీది మచ్చ చూపించింది మనుబోతు. “నా పడుచుతనంలో ఒక మంద నన్ను వాగు దాకా తరిమింది. ఒకటి వెనక నుంచి తరిమింది. ఇంకోటి పక్కన కాసింది. మూడోది నేను పోబోయే దారిలో ముందే కాచుకుంది. ఒక్కొక్కటీ నాలో సగం లేదు. అయినా ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. వాగు నిండుగా పారుతోంది కాబట్టి ఈది బతికాను. ఒకరికొకరు అందించుకోవడం అంటే ఏమిటో నేను చూసింది ఆ ఒక్కరోజే.”

మర్నాడే మనుబోతు బయల్దేరింది. వాగు దాటాక ఒక పొద కింద ముసలి రేచుకుక్క కనిపించింది. పళ్ళు చాలావరకు ఊడిపోయి, రాలిన పండ్లు ఏరుకుని తింటోంది. దాని మంద పిల్లల చేతికి వెళ్ళింది. మంద వేట తెచ్చిన రోజున దానికీ ఒక వాటా వచ్చేది.

“నిన్ను ఎక్కడో చూశాను” అంది అది కళ్ళు చికిలించి.

“చూశావు. కాకపోతే వెనక నుంచి” అంది మనుబోతు.

రేచుకుక్క గుర్తుపట్టి పకపకా నవ్వింది. తర్వాత వచ్చిన పని విని తల అడ్డంగా ఊపింది. “నాకు ఫుట్‌బాల్ తెలియదయ్యా.”

“మావాళ్ళకూ తెలియదు. కలిసి నేర్చుకోండి.”

అలా వచ్చింది రేచుకుక్క ఇప్పకోనకు. అందరూ దాన్ని రేచవ్వ అని పిలవడం మొదలుపెట్టారు. దుప్పి మాత్రం కొన్నాళ్ళు దూరం నుంచే పిలిచింది.

రేచవ్వ మొదటిరోజు బంతి ముట్టుకోలేదు. మద్దిచెట్టు నీడన కూర్చుని ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచి ఒకటే మాట అడిగింది. “పోయిన ఏడు ఓడిపోవడానికి కారణమేమిటి?”

ముందుగా చిరుత వచ్చింది. జట్టులో అందరికంటే వేగం దానిదే. ఒంటి మీద చుక్కలు చూసుకుని మురిసిపోయేది. అందరూ తనను చుక్కలదొర అని పిలవాలనేది. “ముందర ఆడే మేము వేయాల్సినవి వేశాం. వెనకవాళ్ళు ఆపలేకపోయారు” అంది.

అడవిపంది వచ్చింది. “మేము బురదలో దొర్లి మరీ బంతులు తెచ్చి ఇచ్చాం అవ్వా. ముందరవాళ్ళు వాటిని చేజార్చారు.”

గోలు ముందర నిలబడే ఎలుగుబంటి వచ్చింది. “మేము ఒక్కళ్ళం ఎన్నని ఆపుతాం? పైగా గోలు పక్క చెట్టు మీద తేనెపట్టు ఉంది. అటు చూడకుండా ఎలా ఉంటాం?”

కొండముచ్చు వచ్చింది. అదీ ‘మేము’ అంటూ పక్కవాళ్ళనే తప్పుపట్టింది. దుప్పి దూరం నుంచి అరిచి చెప్పింది. అదీ ‘మేము’ అనే అంది.

చివరికి ముళ్ళపంది మిగిలింది. తనను ఎలాగూ తీసేస్తారని అది వెళ్ళలేదు. రేచవ్వే లేచి దాని దగ్గరికి వెళ్ళి అదే మాట అడిగింది.

ముళ్ళపంది కాసేపు ఆలోచించింది. “మనం ఒకరికొకరం బంతి ఇచ్చుకోలేదవ్వా. అందుకే ఓడిపోయాం మనం” అంది.

రేచవ్వ చెవులు నిక్కబొడుచుకుంది. “మనం ఏమిటే? నేను వచ్చింది నిన్న కదా. పోయినేటి ఓటమిలో నన్ను కూడా కలిపేశావేం?”

ముళ్ళపంది గాభరాపడింది. “తప్పైపోయిందవ్వా. మా కోసం వాగు దాటి వచ్చావు కదా, మనదానివే అనుకున్నాను.”

రేచవ్వకు తన మంద గుర్తొచ్చింది. కళ్ళు చెమర్చాయి. వెనక్కి తిరిగి అందరికీ వినపడేలా చెప్పింది.

“ఈ ముళ్ళపంది జట్టులో ఉంటుంది. ఇంకో సంగతి. ‘మేము’ అంటే చెప్పేవాళ్ళు ఒకవైపు, వినేవాళ్ళు ఇంకోవైపు. ఒకే జట్టులో రెండు వైపులేమిటి? ఇవాళ్టి నుంచి ఈ బయలులో ‘మేము’ అన్నవాళ్ళు పక్కనున్న మడుగు చుట్టూ ఒక చుట్టు పరుగెత్తాలి.”

అందరూ పరుగెత్తారు. పాత అలవాటు కదా, అంత తొందరగా పోతుందా? అడవిపందికి మడుగంటే ఇష్టం. అది కావాలనే ‘మేము’ అంటోందని రెండోరోజుకు కనిపెట్టి, దానికి మాత్రం పొడినేల మీద పరుగు పెట్టించింది రేచవ్వ.

తర్వాత ఎవరి చోటు ఎక్కడో తేల్చే పని మొదలైంది. గోలు ముందర ఎలుగుబంటి కుదరదని అందరికీ తెలుసు. చెప్పేవాళ్ళే లేరు. రేచవ్వ దాన్ని మైదానం నడుమ నిలబెట్టి, అందరినీ వరసగా రమ్మంది.

“ఇన్నేళ్ళూ మీదికొచ్చిన ప్రతి బంతికీ ఎదురు నిలబడింది ఈ ఎలుగే. ముందు దీని మేలు తలుచుకోండి. తర్వాతే మార్పు గురించి మాట్లాడతాను” అంది.

ఒక్కొక్కరూ వచ్చి, “మామా, నీ మేలు మరవం” అన్నారు. ఎలుగుబంటి ఆ మాట జట్టులో ఎప్పుడూ వినలేదు. ముక్కు ఎగబీల్చి, “ఆ చోటు ఉడుముకివ్వండి. దాని పట్టు ముందు నా పట్టెంత? నేను వెనక కాపలా కాస్తాను” అని తనే అంది. రేచవ్వ అడగాల్సిన పని లేకుండా పోయింది.

ఉడుంపట్టు అని ఊరికే అంటారా? ఆ పొట్టి ఉడుము బంతిని ఒకసారి పట్టిందంటే, విడిపించడానికి నలుగురు లాగాల్సి వచ్చింది.

ముళ్ళపందికి కూడా పని దొరికింది. రోజూ పొద్దున్నే అది మైదానం నడుమ ముళ్ళు విప్పుకుని నిలబడేది. మిగతావాళ్ళు బంతిని తన్నుకుంటూ దాని పక్కనుంచి పోవాలి. దగ్గరగా పోతే కాలికి ముల్లు, బంతికి చీలిక. దాంతో అందరూ బంతిని అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్నారు. అంతకంటే ముఖ్యంగా, ముళ్ళ దాకా పోకుండా ముందే పక్కవారికి పాస్ ఇవ్వడం నేర్చుకున్నారు. మొదట్లో గిజిగాడు తిట్టుకుంటూ బంతులు అల్లింది. పోనుపోను అల్లే పని తగ్గింది. “నీ వల్ల నాకు ఇంత తీరిక దొరుకుతుందనుకోలేదమ్మా” అని ముళ్ళపందితో అంది.

దుప్పికి వేరే పాఠం అక్కర్లేదు. రేచవ్వ వెనక నిలబడి ఒక్కసారి దగ్గితే చాలు, అది మైదానం ఆ చివర ఉండేది.

అంతా బాగానే ఉంది కానీ, చిరుత ముఖం మాత్రం రోజురోజుకీ ముడుచుకుపోయింది. దానికి కారణం రేచవ్వ తెచ్చిన ఒక పద్ధతి.

“మా మందలో వేట దొరికితే మొదటి ముద్ద కరిచినదానికి కాదు. దాన్ని దారి మళ్ళించి అందించినదానికి” అని చెప్పింది రేచవ్వ. “అలాగే ఇక్కడ గోలు వేసినవారు, తమకు బంతి ఇచ్చినవారి దగ్గరికి వెళ్ళి తల వంచాలి. ఆ తర్వాతే ఎగరడం, గెంతడం.”

ఒకరోజు సాధనలో అడవిపంది బంతి అందించింది. చిరుత దాన్ని మెరుపులా గోలులోకి తన్నింది. తన్ని, ఒక్కతే తోక ఊపుకుంటూ మైదానమంతా తిరిగింది.

“దొరా, పంది దగ్గరికి వెళ్ళాలి” అంది రేచవ్వ.

“గోలు నేను వేసి, బురద తినే పందికి నేను దండం పెట్టాలా? చుక్కలు ఎవరికున్నాయి? వేగం ఎవరికుంది?” అంది చిరుత.

“బంతి ఇవ్వకపోతే నీ వేగం దేనికి?”

“మేము లేకపోతే మీ జట్టే లేదు. చూసుకుందాం” అని చిరుత గిరుక్కున తిరిగి నల్లగుట్టకు వెళ్ళిపోయింది. నల్లగుట్టలో గుంటనక్క ఎదురొచ్చి దాన్ని కౌగిలించుకుంది. “అక్కడ నీ విలువ ఎవరికి తెలుసు దొరా? ఇక్కడ బంతంతా నీదే” అంది.

అడవిపంది ఆ సాయంత్రం ఏమీ తినలేదు. “నా వల్ల పోయింది కదా” అని ఏడ్చింది. చిరుత లేకపోతే గోల్స్ ఎవరు వేస్తారని మనుబోతు కూడా దిగులుపడింది. “పిలుచుకొద్దామా అవ్వా? పిల్లల మైదానం పోతుందేమో” అంది.

“దాన్ని రావద్దని ఎవరూ అనలేదు. తలుపు లేని అడవి ఇది. వచ్చినప్పుడు వస్తుంది” అంది రేచవ్వ. “మైదానం సంగతి అంటావా, ఉన్నవాళ్ళతో ఆడదాం.”

వానలు వచ్చి వెళ్ళాయి. చలి మొదలైంది. పోటీలూ మొదలయ్యాయి.

ఇప్పకోన మొదటి ఆట ఓడింది. రెండో ఆట కూడా ఓడింది. కానీ ఆట ముగిశాక ఎవరూ ఎవరి మీదా అరవలేదు. అదే వింతగా ఉండేది చూసేవాళ్ళకు. నల్లగుట్ట కూడా రెండూ ఓడింది. అక్కడ అందరూ బంతిని చిరుతకే ఇచ్చేవారు. అవతలి జట్లు కూడా అందరినీ వదిలేసి చిరుత చుట్టూనే మూగేవి.

చివరికి ఇప్పకోన, నల్లగుట్ట జట్ల ఆట మిగిలింది. ఓడినవారు అడుగున నిలుస్తారు. ఆట గరికబయలులోనే జరిగింది. మైదానం అంచున పిల్లజీవులన్నీ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాయి. ఓడిపోతే రేపటి నుంచి తమకు అక్కడ చోటు లేదని వాటికీ తెలుసు.

ఆట మొదలైన కాసేపటికే చిరుత గోలు వేసింది. ఒక్కతే మైదానమంతా తిరిగింది. దాని జట్టువాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడి చూశారు.

ఇప్పకోన కంగారుపడలేదు. బంతిని ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ పోయింది. కొండముచ్చు ఒక గోలు వేసి, పరుగున వెళ్ళి ఎలుగుబంటి ముందు తల వంచింది. బంతి ఇచ్చింది ఎలుగే మరి. లెక్క సరిసమానమైంది.

ఆట ముగిసే వేళ బంతి మళ్ళీ చిరుతకు చిక్కింది. ఎలుగుబంటి, అడవిపంది దానికి అడ్డం వెళ్ళాయి. చిరుతకు కుడివైపున నల్లగుట్ట తోడేలు ఒంటరిగా, ఎవరి కాపలా లేకుండా నిలబడి ఉంది. “దొరా, ఇటు ఇటు!” అని అరిచింది. ఇస్తే గోలే.

చిరుత ఇవ్వలేదు. ఆ గోలు కూడా తన పేరునే ఉండాలనుకుంది. ఇద్దరి మధ్య నుంచి బలంగా తన్నింది. బంతి గోలు వైపు దూసుకుపోయింది. ఉడుము అడ్డంగా ఎగిరి దాన్ని నాలుగు కాళ్ళతో పట్టేసింది.

ఇంక వదలదేమో అని అందరూ భయపడ్డారు. కానీ ఉడుము వెంటనే వదిలింది, అడవిపంది ముందుకు. పంది దాన్ని కొండముచ్చుకు తన్నింది. కొండముచ్చు అటు చూడనైనా చూడకుండా దుప్పి ముందుకు తోసింది. సరిగ్గా అప్పుడు రేచవ్వకు దగ్గు వచ్చింది. నిజం దగ్గో, కాదో నేను చెప్పలేను. దుప్పి బంతితో సహా గోలులో ఉంది.

ఇప్పకోన గెలిచింది. గరికబయలు మిగిలింది. పిల్లలన్నీ ఒక్కసారిగా మైదానం మీదికి ఉరికాయి.

గుంటనక్క చిరుత దగ్గరికి వచ్చింది. “మేము బంతులన్నీ నీకే ఇచ్చాం. ఓడించింది నువ్వే. రేపటి నుంచి రానక్కర్లేదు” అని జట్టును తీసుకుని వెళ్ళిపోయింది. చిరుత ఆ మాట విని నిలువునా కూలిపోయింది. ఆ ‘మేము’లో తాను లేనని దానికి అప్పుడు అర్థమైంది.

ఇటు ఇప్పపూలు కుప్పగా పోసి పండగ మొదలుపెట్టారు. మొదటి దోసిలి దుప్పి తీసుకెళ్ళి కొండముచ్చుకు ఇచ్చింది. “బంతి ఇచ్చింది నువ్వు” అంది. “నాకిచ్చింది పంది బావ” అని కొండముచ్చు పందికి ఇచ్చింది. పంది ఉడుముకు ఇచ్చింది. “నాకు ఈ చోటు ఇచ్చింది ఎలుగు మామ కదా” అంది ఉడుము. “నాకు పక్కవాళ్ళను చూసుకుంటూ ఆడడం నేర్పింది ముళ్ళపంది” అంది ఎలుగు. “నన్ను తీసేయకుండా కాపాడింది అవ్వ” అంది ముళ్ళపంది. రేచవ్వ ఆ పూలు తీసుకెళ్ళి మనుబోతు ముందు పెట్టింది. “పళ్ళూడిన నన్ను, ఒకప్పుడు తనను తరిమిన నన్ను నమ్మి పిలిచినవాడు ఇతను. ఈ వయసులో నాకు మళ్ళీ ఒక మంద దొరికింది” అని కంటతడి పెట్టుకుంది.

మనుబోతు ఆ పూలను ఎవరికివ్వాలా అని చుట్టూ చూసింది. ఈలోగా పిల్లలు మధ్యలో దూరి ఆ దోసిలి పూలన్నీ తినేశాయి. పెద్దలు ఒకరికొకరు మర్యాదలు చేసుకుంటూ ఉంటే పిల్లలకు ఆకలి ఆగుతుందా?

అప్పుడు మైదానం చివర చిరుత కనిపించింది. తల వేలాడేసుకుని, తిన్నగా అడవిపంది దగ్గరికి నడిచి వచ్చింది.

“నేను వేసిన గోల్స్ అన్నిటికీ బంతి ఇచ్చింది నువ్వు” అంది చిరుత. “ఒక్కసారి కూడా ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి వచ్చాను. చెప్పి వెళ్ళిపోతాను.” తన చుక్కల ముఖాన్ని నేలకు ఆనించి తల వంచింది.

అడవిపంది తన వాటా పూలలో సగం దాని వైపు జరిపింది.

“చెప్పావు కదా, ఇంకెక్కడికి వెళ్తావు? కూర్చో. తిను. రేపు పొద్దున్నే సాధన ఉంది” అంది.

నీతి: బంతి అందించినవారిని తలుచుకునే జట్టు ఎన్నిసార్లు ఓడినా నిలబడుతుంది. అంతా నా గొప్పే అనుకున్నవాడు గెలిచిన రోజు కూడా ఒంటరివాడే.